కుందేలు, టీకా, సూది పట్టే చేయి

టీకామందుల చరిత్రను ఆవుతో మొదలుపెట్టడం ఆచారం. 1796లో ఎడ్వర్డ్ జెన్నర్ అనే ఆంగ్ల వైద్యుడు ఆవులకు వచ్చే పొక్కుల రసాన్ని ఒక బాలుని చేతికి గ్రుచ్చి, మనుష్యులకు వచ్చే మశూచికి అడ్డుకట్ట వేసినాడు. లాటిన్ భాషలో ఆవుకు 'వాకా' అని పేరు. 'వాక్సిన్' అనే మాట ఆ పేరునుంచే పుట్టినది. ఈ విషయం మన పాఠ్యపుస్తకాలలో ఉన్నది, విద్యార్థులందరకు తెలిసినదే. అయితే ఆవు ప్రక్కనే నిలబెట్టవలసిన మరొక జంతువు ఉన్నది. దానిని గురించి పాఠ్యపుస్తకాలు ఒక వాక్యంతో సరిపెట్టుకొంటవి. ఆ జంతువు కుందేలు.

ఈనాడు తిరుపతిలోను, చిత్తూరులోను అనేక గృహాలలో పిల్లలు తెల్లని కుందేళ్ళను ముద్దుగా పెంచుకొంటున్నారు. కుక్కపిల్లను కొన్నవారు టీకాలు వేయించినట్లే, కుందేలును కొన్నవారు కూడ "దీనికి ఏ టీకాలు వేయించాలి? ఎవరు వేస్తారు?" అని అడుగుతారు. ఆ ప్రశ్న చిన్నదే. కాని దానికి సమాధానం చెప్పవలెనంటే పారిస్ నగరంలోని ఒక ప్రయోగశాలనుంచి రాణిపేటదాక, ఆస్ట్రేలియా పచ్చికబయళ్ళనుంచి తిరుపతి పశువైద్య కళాశాలదాక ఒక పర్యాయం తిరిగి రావలసి ఉన్నది.

రెండు కుందేళ్ళు

ముందుగా ఒక భేదం తెలిసికోవాలి. శేషాచలం కొండలలోను, పలమనేరు ప్రాంతపు పొదలలోను కనబడే చెవులపిల్లి వేరు. ఇంట్లో పెంచే తెల్లకుందేలు వేరు. తెలుగులో రెంటినీ కుందేలనే అంటాము. శాస్త్రజ్ఞులు మాత్రం వాటిని వేరువేరు ప్రజాతులలో చేర్చినారు. చెవులపిల్లి 'లీపస్' ప్రజాతిది. అది బొరియ త్రవ్వదు. గడ్డిదుబ్బు చాటున ముడుచుకొని పడుకొంటుంది. దాని పిల్లలు ఒంటినిండ బొచ్చుతో, తెరచిన కన్నులతో పుడతవి. పెంపుడు కుందేలు 'ఒరిక్టోలాగస్' ప్రజాతిది. స్పెయిన్, పోర్చుగల్ దేశాలున్న ఐబీరియా ద్వీపకల్పం దాని పుట్టినిల్లు. అది బొరియలలో కాపురముంటుంది. దాని పిల్లలు బొచ్చులేక, కన్నులు మూసికొని పుడతవి.

చెవులపిల్లిని పట్టి పెంచడాన్ని 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం అనుమతించదు. మనవారు పెంచే న్యూజిలాండ్ వైట్, సోవియట్ చించిల్లా మొదలైన రకాలన్నీ ఐరోపా కుందేలు సంతతివే. దక్షిణదేశంలో ఈ జాతులను గురించి పరిశోధనలు జరిపే కేంద్రం ఒకటి కొడైకెనాల్ కొండలలోని మన్నవనూరులో ఉన్నది. ఈ భేదం ఎందుకు చెప్పవలసి వచ్చినదంటే, కుందేళ్ళ టీకాలన్నీ ఐరోపా కుందేలుకు వచ్చే రోగాలకోసం పుట్టినవి. ఆ రోగాలు ఏ దేశంలో ఉన్నవి, ఏ దేశంలో లేవు అన్నదే మన ప్రశ్నకు కీలకం.

పాశ్చర్ కుందేళ్ళు

1880 తరువాత లూయీ పాశ్చర్ పిచ్చికుక్క కాటువలన వచ్చే రేబీస్ రోగాన్ని పరిశోధించ పూనుకొన్నాడు. ఆ రోగకారకం ఆనాటి సూక్ష్మదర్శినికి కనబడలేదు. గాజుపాత్రలలో పెంచుదామంటే పెరగలేదు. కనుక ఆయన, ఆయన సహాయకుడు ఎమిల్ రూ దానిని సజీవమైన కుందేలు మెదడులో పెంచినారు. ఒక కుందేలునుంచి మరొక కుందేలుకు, దానినుంచి ఇంకొకదానికి అనేక పర్యాయాలు మార్చిన తరువాత ఒక విశేషం కనబడినది. మొదట రోగం బయటపడడానికి రెండు వారాలు పైగా పట్టేది. క్రమంగా ఆ గడువు తగ్గి, చివరకు సుమారు ఏడు రోజుల వద్ద నిలిచిపోయినది. ఇట్లు స్థిరపడినదానినే 'స్థిర వైరస్' అన్నారు. ఆ కుందేళ్ళ వెన్నుపామును సీసాలలో వ్రేలాడగట్టి పొడిగాలిలో ఆరబెడితే, దాని తీక్ష్ణత రోజురోజుకు తగ్గుతుందని, సుమారు రెండు వారాలకు పూర్తిగా నశిస్తుందని పాశ్చర్ గ్రహించినాడు.

1885 జూలై 6వ తేదీన ఆల్సేస్ ప్రాంతంనుంచి జోసెఫ్ మైస్టర్ అనే తొమ్మిదేండ్ల బాలుని పాశ్చర్ వద్దకు తెచ్చినారు. అంతకు రెండు రోజుల ముందు ఆ బాలుని పిచ్చికుక్క అనేకచోట్ల కరిచినది. బాగా ఎండిన వెన్నుపాముతో మొదలుపెట్టి, క్రమంగా తాజా వెన్నుపాముదాక, సుమారు పది రోజులలో 13 సూదులు వేసినారు. బాలుడు బ్రతికినాడు.

ఇక్కడ విద్యార్థులు ఒక సంగతిని ప్రత్యేకంగా గమనించాలి. ఆ సూదులను వేసినది పాశ్చర్ కాదు! పాశ్చర్ రసాయన శాస్త్రజ్ఞుడు, వైద్యపట్టం లేనివాడు. మనిషి శరీరంలో సూది గ్రుచ్చే అధికారం చట్టరీత్యా ఆయనకు లేదు. కనుక జాక్ జోసెఫ్ గ్రాన్షే అనే వైద్యుడు సూదులు వేస్తూండగా, ఆ మందును కనిపెట్టిన మహానుభావుడు ప్రక్కన నిలబడి చూచినాడు. మందును తయారుచేయగలగడం వేరు, దానిని ప్రాణిలోనికి ఎక్కించే అధికారం వేరు అనే నియమానికి ఇంతకంటె గొప్ప ఉదాహరణ దొరకదు. సూది వేసిన తరువాత ఏదైన వికటిస్తే గుర్తించి చికిత్స చేయగలవాడు, జరిగినదానికి జవాబు చెప్పుకోవలసినవాడు ఒకడుండాలి. ఆ నియమం వెనుకనున్న భావం ఇంతే.

ఈ చికిత్స త్వరలోనే మనదేశానికి వచ్చినది. 1900లో కసౌలీలోను, 1907లో నీలగిరులలోని కూనూరులోను పాశ్చర్ సంస్థలు వెలసినవి. చిత్తూరు సీమ అప్పుడు మద్రాసు రాజధానిలో చేరి ఉండేది. దక్షిణదేశానికంతకు రేబీస్ చికిత్సలో కూనూరే పెద్ద దిక్కు. తరువాత కసౌలీలో డేవిడ్ సెంపుల్ స్థిర వైరస్‌ను కార్బాలిక్ ఆమ్లంతో నిర్జీవం చేసి వాడే పద్ధతిని ప్రవేశపెట్టినాడు. గొర్రెమెదడుతో తయారైన ఆ మందును మనదేశంలో 2004 చివరివరకు వాడినారు. బొడ్డుచుట్టూ సూదులు వేయించుకొన్న పెద్దలు నేటికీ మన గ్రామాలలో ఉన్నారు. ఆ మందుకు మూలమైన స్థిర వైరస్ కుందేలు మెదడులో స్థిరపడినదే.

ముసర వ్యాధి, కుందేలు

కుందేలు చేసిన రెండవ ఉపకారం పశువులకు. పశువులను ఊళ్ళకు ఊళ్ళుగా తుడిచిపెట్టిన ముసర వ్యాధి పేరు నేటి విద్యార్థులకు తెలియదు. అది తెలియకపోవడమే టీకాల విజయానికి నిదర్శనం. సంతలనుంచి, పరసలనుంచి తోలుకొని వచ్చిన ఒక్క పశువు చాలు, ఆ రోగం ఊరంతా వ్యాపించేది. జ్వరం, నోటిపూత, విరేచనాలు, కొద్దిరోజులలోనే మరణం. దుక్కిటెద్దు పోతే రైతుకు ఆ ఏడు సేద్యం లేదు. ముసర వచ్చిన ఊరికి కరవు వెంటనే వచ్చేది.

దీనిని ఎదుర్కొనడానికి 1889లో పూనాలో ఒక సూక్ష్మజీవశాస్త్ర పరిశోధనాలయం ఏర్పడినది. అది 1893లో హిమాలయాలలోని ముక్తేశ్వరానికి మారినది. మద్రాసులో 1903లో పశువైద్య కళాశాల ప్రారంభమైనది. 1932లో మద్రాసు ప్రభుత్వం ఒక సీరం సంస్థను నెలకొల్పినది. అదే తరువాత రాణిపేటలో పశురోగ నివారణ సంస్థగా ప్రసిద్ధికెక్కినది. రాణిపేట ఉన్న ఉత్తర ఆర్కాటు జిల్లాకు 1911 వరకు చిత్తూరు పట్టణమే ముఖ్యస్థానం. చిత్తూరుకు దక్షిణాన కొద్ది దూరంలోనే పశువుల టీకాలు తయారవుతూ వచ్చినవన్నమాట.

మొదట్లో ముసరకు వాడిన పద్ధతి ప్రమాదకరమైనది. పశువుకు ఒకవైపు రోగపు రక్తాన్ని, మరొకవైపు రోగనిరోధక సీరాన్ని ఒకేసారి ఎక్కించేవారు. సీరం పాలు తగ్గితే పశువు రోగంతోనే చచ్చిపోయేది. అటువంటి మందు అనుభవశాలియైన వైద్యుని చేతిలో తప్ప మరొకరి చేతిలో ఉండరాదు. 1920-30 సంవత్సరాల మధ్య ముక్తేశ్వరంలో జె. టి. ఎడ్వర్డ్స్ ముసర వైరస్‌ను మేకనుంచి మేకకు మార్చి మార్చి దాని తీక్ష్ణతను తగ్గించినాడు. అప్పుడు సీరంతో పని లేకపోయినది. శిక్షణ పొందిన టీకాదారు కూడ ఊరిపశువులకు రోజుకు వందలకొలది టీకాలు వేయగలిగినాడు. మందు స్వభావం మారినకొద్దీ, దానిని వేయగల చేతులు కూడ మారుతవని ఇందువలన తెలుస్తున్నది.

అయితే మేకటీకా మన నాటుపశువులకు సరిపడినట్లుగా విదేశీ పశువులకు, సంకరజాతి పశువులకు సరిపడలేదు. వాటిలో అది తీవ్రమైన జ్వరం తెచ్చేది. ఇక్కడనే కుందేలు మళ్ళీ వచ్చినది. నకమురా అనే జపాన్ శాస్త్రజ్ఞుడు కొరియాలో ముసర వైరస్‌ను కుందేలునుంచి కుందేలుకు కొన్ని వందల పర్యాయాలు మార్చి, మరింత సాధువైన టీకాను 1938 నాటికి సాధించినాడు. రెండవ ప్రపంచయుద్ధం తరువాత ఆసియా ఖండంలోని అనేక దేశాలు దీనిని వాడినవి. పెద్ద ప్రయోగశాలలు లేనిచోట కూడ కుందేళ్ళుంటే మందు తయారవుతుంది. అదే దాని సౌకర్యం. మనదేశంలో మేకటీకా పడని సుకుమారమైన పశువులకు దీనిని ఉపయోగించినారు.

1954లో మనదేశంలో ముసర నిర్మూలన కార్యక్రమం ఆరంభమైనది. 1960 ప్రాంతంలో వాల్టర్ ప్లోరైట్ కెన్యాలో కణజాలంలో పెంచిన టీకాను తయారుచేసినాడు. అది అన్ని జాతుల పశువులకు సరిపడినది. మేకకు, కుందేలుకు విశ్రాంతి దొరికినది. భారతదేశంలో చివరి ముసర 1995లో తమిళనాడులో కనబడినది. 2011లో ప్రపంచంలో ముసర వ్యాధి నశించినదని ప్రకటించినారు. మశూచి తరువాత మానవుడు భూమిమీద లేకుండ చేసిన రెండవ రోగం ఇదే.

కుందేలుమీదికి వచ్చిన రోగాలు

మనిషికి, పశువుకు టీకాలు అందించిన కుందేలుకు తనదంటూ ఒక టీకా అవసరమైనది ఎప్పుడు? దీనికి సమాధానం విచిత్రమైనది. కుందేళ్ళను చంపడానికి మనిషి రోగాన్ని వదలినప్పుడు.

1859లో థామస్ ఆస్టిన్ అనే భూస్వామి వేటవినోదంకోసం ఇంగ్లండునుంచి కుందేళ్ళను తెప్పించి ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రంలో వదలినాడు. ఆ ఖండంలో వాటికి తగినంత శత్రువులు లేరు. కొద్ది దశాబ్దాలలోనే అవి పచ్చికబయళ్ళను గుల్లచేసినవి. గొర్రెలకు మేత లేకపోయినది. 1887లో న్యూసౌత్ వేల్స్ ప్రభుత్వం ఈ పీడను వదలించగలవారికి 25,000 పౌనుల బహుమానం ప్రకటించినది. పాశ్చరే కోళ్ళకు వచ్చే కలరా క్రిములతో కుందేళ్ళను చంపవచ్చునని సూచించి, తన బంధువైన ఏడ్రియన్ ల్వార్‌ను అక్కడకు పంపినాడు. ప్రభుత్వం దానిని అంగీకరించలేదు. ఆ క్రిమికి తరువాత పాశ్చర్ పేరుమీదుగానే 'పాశ్చరెల్లా' అని పేరు వచ్చినది. ఆ పేరు పాఠకులు గుర్తుంచుకోవాలి. ముందు మళ్ళీ వస్తుంది.

1896లో దక్షిణ అమెరికాలోని మాంటివిడియో నగరంలో సానరెల్లి అనే శాస్త్రజ్ఞుని ప్రయోగశాలలో ఐరోపా కుందేళ్ళు ఒక క్రొత్త రోగంతో చచ్చినవి. కనురెప్పలు, మూతి వాచి, గడ్డలు లేచి చచ్చే ఈ రోగానికి మిక్సొమటోసిస్ అని పేరు పెట్టినారు. దోమలు, గోమార్లు దీనిని మోసికొనిపోతవి. దక్షిణ అమెరికాలోని అడవి కుందేళ్ళకు ఇది ఒక చిన్న గడ్డ మాత్రమే. ఐరోపా కుందేలుకు మృత్యువు. 1950లో ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞులు ఈ వైరస్‌ను వదలినారు. నదీతీరాలవెంట దోమలద్వారా అది దావానలంవలె వ్యాపించినది. అదే సమయంలో అక్కడి మనుష్యులకు మెదడువాపు రోగం రావడంతో ప్రజలు భయపడినారు. అప్పుడు ఫ్రాంక్ ఫెన్నర్, మక్ఫార్లేన్ బర్నెట్, ఇయాన్ క్లూనీస్ రాస్ అనే ముగ్గురు శాస్త్రజ్ఞులు ఆ వైరస్‌ను తమ శరీరాలలోనికే ఎక్కించుకొని, మనిషికి దానివలన హాని లేదని నిరూపించినారు.

1952లో ఫ్రాన్సు దేశంలో అర్మాన్ దెలీల్ అనే విశ్రాంత వైద్యుడు తన ఎస్టేటులో కుందేళ్ళ బెడద పోవాలని ఆ వైరస్‌ను తెప్పించి రెండు కుందేళ్ళకు ఎక్కించి వదలినాడు. ఎస్టేటుకు ప్రహరీగోడ ఉన్నది. రోగం అక్కడనే ఆగుతుందని ఆయన నమ్మకం. కొద్దివారాలలోనే అది గోడ దాటినది. రెండేండ్లలో ఫ్రాన్సులోని అడవికుందేళ్ళలో అధికభాగం నశించినవి. 1953 నాటికి ఆ రోగం ఇంగ్లండుకు కూడ చేరినది. ఇండ్లలో పెంచుకొనే కుందేళ్ళు, మాంసంకోసం పెంచే కుందేళ్ళు కూడ చచ్చినవి. కుందేలుకు టీకా కావాలన్న మొర అప్పుడు పుట్టినది.

కుందేటి కొమ్ము

తెలుగువారు లేని వస్తువును 'కుందేటి కొమ్ము' అంటారు. ఒక విశేషమేమంటే, అమెరికాలో కుందేళ్ళకు నిజంగానే కొమ్ములు మొలుస్తవి! అవి ఎముకలు కావు. చర్మంమీద గట్టిపడి కొమ్ములవలె పొడుచుకొనివచ్చే పులిపిరులు. 1933లో రిచర్డ్ షోప్ అనే శాస్త్రజ్ఞుడు వాటికి కారణం ఒక వైరస్ అని చూపినాడు. క్షీరజంతువులలో వైరస్ వలన గడ్డలు పుట్టగలవని తెలిపిన తొలి పరిశోధనలలో ఇది ముఖ్యమైనది. నేడు బాలికలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండ ఇచ్చే టీకాకు దారితీసిన పరిశోధన పరంపరలో ఈ కుందేటి కొమ్ములకు కూడ చోటున్నది.

అదే షోప్ 1932లో కుందేళ్ళలో మెత్తని గడ్డలు లేపే మరొక వైరస్‌ను కనుగొన్నాడు. అది మిక్సొమటోసిస్ వైరస్‌కు చుట్టరికమున్నది. కాని ప్రాణాపాయం లేనిది. దానిని ఎక్కించిన కుందేలు మిక్సొమటోసిస్‌ను తట్టుకొన్నది. జెన్నర్ ఆవుపొక్కుతో మశూచిని ఆపినట్లే షోప్ వైరస్‌తో కుందేలును కాపాడినారు. ఈ ఉపాయం మనకు పరాయిది కాదు. ఇటీవల మన పశువులకు చర్మంమీద ముద్దలు లేచే రోగం వచ్చినప్పుడు మేకల మశూచికి వాడే టీకానే ఆవులకు వేసినారు. చుట్టరికమున్న వైరస్‌లు ఒకదానినుంచి మరొకదానికి రక్షణ ఇస్తవనే సూత్రమే దీనికి ఆధారం. తరువాత ఫ్రాన్సులో మిక్సొమటోసిస్ వైరస్‌నే బలహీనపరచి టీకాలు చేసినారు.

1984లో చైనాలో మరొక ఉపద్రవం పుట్టినది. జర్మనీనుంచి తెచ్చిన అంగోరా కుందేళ్ళలో మొదట కనబడిన ఈ రోగం కాలేయాన్ని కుళ్ళజేసి, లోలోపల రక్తస్రావం కలిగించి ఒకటి రెండు రోజులలో చంపుతుంది. రాత్రి మేత తిన్న కుందేలు తెల్లవారేసరికి చచ్చి ఉంటుంది. అది చైనాలో కోట్లకొలది కుందేళ్ళను చంపి, ఐరోపాకు చేరినది. 1995లో ఆస్ట్రేలియాలో ఒక ద్వీపంలో పరీక్షలు జరుగుతూండగానే ప్రధానభూమికి తప్పించుకొనిపోయినది. 2010లో ఫ్రాన్సులో దీని రెండవ రకం బయటపడినది. అది చిన్నపిల్లలను కూడ చంపుతుంది; కొన్ని జాతుల చెవులపిల్లులను సైతం వదలదు.

ఈ వైరస్ చాలాకాలం గాజుపాత్రలలో పెరగలేదు. కనుక టీకా చేయాలంటే కొన్ని కుందేళ్ళకు రోగం ఎక్కించి, వాటి కాలేయాన్ని తీసి, అందులోని వైరస్‌ను నిర్జీవం చేయవలసి వచ్చేది. కుందేళ్ళను రక్షించడానికి కుందేళ్ళనే బలి ఇవ్వవలసి వచ్చినది. జన్యుశాస్త్రం పెరిగిన తరువాత ఈ బాధ తగ్గినది. బలహీనపరచిన మిక్సొమా వైరస్‌లోనే రెండవ రోగపు పైపొర ప్రోటీన్‌కు సంబంధించిన జన్యువును చేర్చి, ఒకే సూదితో రెండు రోగాలకు రక్షణ కలిగించే టీకా 2011 ప్రాంతంలో ఐరోపాలో వచ్చినది.

ఒక దేశంలో తప్పనిసరియైన టీకా మరొక దేశంలో నిషిద్ధం కావచ్చును. ఇంగ్లండులో పెంపుడు కుందేలుకు ఈ టీకాలు ఏటేట వేయిస్తారు. అవి పశువైద్యుని ద్వారానే లభిస్తవి. ఆస్ట్రేలియాలో మాత్రం మిక్సొమటోసిస్ టీకాను పెంపుడు కుందేలుకు కూడ వేయనివ్వరు. సజీవ టీకాలోని వైరస్ అడవికుందేళ్ళకు ప్రాకి వాటికి రక్షణ కలిగిస్తే, పొలాలను కాపాడుకొనే ఆయుధం మొద్దుబారిపోతుందని వారి భయం.

మరి మన తిరుపతిలో?

ఇక మన ప్రశ్నకు వద్దాము. మిక్సొమటోసిస్ మనదేశంలో నెలకొన్న రోగం కాదు. మనదేశంలో పెంపుడు కుందేలుకు నియమంగా వేయవలసిన టీకా అంటూ ఏదీ లేదు. "కుక్కకు వేస్తారు గదా, కుందేలుకు ఎందుకు వేయరు?" అని పట్టుబట్టడం తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళనడంవంటిది. టీకా అనేది ప్రేమకు గుర్తుగా వేసే తిలకం కాదు. ఒక నిర్దిష్టమైన రోగానికి, ఆ రోగం ఉన్నచోట, ఆ జంతువులో పరీక్షించి చూచిన మందు. రోగం లేనిచోటికి సజీవ వైరస్ టీకాను దొంగచాటుగా తెప్పిస్తే, లేని వైరస్‌ను మనమే పిలిచినట్లవుతుంది. ప్రహరీగోడను నమ్ముకొన్న ఫ్రెంచి వైద్యుని కథ మరువరాదు. మన కొండలలో చెవులపిల్లులున్నవన్న సంగతి కూడ మరువరాదు.

రేబీస్ మాటేమిటి? క్షీరజంతువులన్నిటికి రేబీస్ రాగలదు. కాని కుందేలులో అది చాల అరుదు. దానికోసం కుక్కటీకాను కుందేలుకు వేయించే ఆచారం లేదు. కుందేలును బోనులో, వీధికుక్కలకు అందకుండ ఉంచడమే రక్షణ. కుక్క కరిచిన కుందేలును వెంటనే పశువైద్యునికి చూపాలి. మనిషిని ఏ జంతువు కరిచినా, గాయాన్ని సబ్బునీటితో పదిహేను నిమిషాలు కడిగి, ఆసుపత్రికి పోవాలి. మనిషికి సూది వేయాలా వద్దా అన్నది అక్కడి వైద్యుడు నిర్ణయిస్తాడు.

మన ప్రాంతంలో కుందేళ్ళను నిజంగా బాధించే రోగాలు వేరు. పేగులలో చేరే కాక్సీడియా పరాన్నజీవులవలన పిల్లలకు విరేచనాలు కలుగుతవి. చెవులలోను, కాళ్ళమీద గజ్జి పడుతుంది. పాశ్చరెల్లా క్రిమివలన చీమిడి, తుమ్ములు వస్తవి. కుందేళ్ళను చంపడానికి పాశ్చర్ సూచించిన క్రిమి ఇదే! వీటికి ముఖ్యమైన కాపలా సూదిలో లేదు. పొడినేల, గాలి ఆడే బోను, శుభ్రమైన నీరు, దండిగా ఎండుగడ్డి, ఎండనుంచి నీడ అన్నవాటిలో ఉన్నది. కుందేలుకు చెమట పట్టదు. చెవులద్వారానే ఒంటివేడిని పోగొట్టుకొంటుంది. మే నెలలో తిరుపతి ఎండకు రేకుల కప్పుక్రింద ఉంచిన కుందేలుకు ఏ టీకాయు ప్రాణం పోయలేదు.

రోగం వచ్చినప్పుడు ఇంట్లో ఉన్న మందు వేయడం అపాయకరం. మనుష్యులకు మామూలుగా ఇచ్చే అమాక్సిసిలిన్ వంటి మందును నోటిద్వారా ఇస్తే కుందేలు పేగులలోని మేలు చేసే సూక్ష్మజీవులు నశించి, విషక్రిములు విజృంభించి, అది చచ్చిపోవచ్చును. కుక్కల ఈగలకు, గోమార్లకు వాడే ఫిప్రోనిల్ మందు కుందేలుకు విషం. గజ్జికి వేసే సూదిని సయితం బరువు తూచి, అందుకు తగిన కొలతలో వేయాలి.

సూది ఎవరి చేతిలో ఉండాలి?

గ్రాన్షే, పాశ్చర్‌ల కథలోని నియమమే మన చట్టంలోను ఉన్నది. 1984లో పార్లమెంటు భారత పశువైద్య మండలి చట్టాన్ని చేసినది. దాని 30వ సెక్షన్ ప్రకారం పశువైద్య పట్టం పొంది, మండలి పట్టికలో పేరు నమోదైన వైద్యుడు మాత్రమే పశువైద్యం చేయవచ్చును. అయితే చట్టం గ్రామాల అవసరాన్ని విస్మరించలేదు. పశుసంవర్ధక డిప్లొమా లేక సర్టిఫికెట్ ఉన్న సహాయకులు, రాష్ట్ర ప్రభుత్వ అనుమతితో, నమోదైన వైద్యుని పర్యవేక్షణలో చిన్న సేవలు చేయవచ్చునని చెప్పినది. ఆ చిన్న సేవలలో టీకాలు వేయడం, గాయాలకు కట్లు కట్టడం వంటివి చేరినవి. ముసరనాటి టీకాదారుకు ఈ నిబంధనలో చోటు దొరికినదని చెప్పవచ్చును. ఏ టీకా, ఎప్పుడు, ఏ జంతువుకు అన్న నిర్ణయం వైద్యునిది. ఆ నిర్ణయం ప్రకారం సూది వేసే పని శిక్షణ పొందిన సహాయకునికి అప్పగింపవచ్చును.

ఈ లెక్కన మందుల దుకాణందారు వేయరాదు. కుందేలును అమ్మినవాడు వేయరాదు. మనుష్యులకు వైద్యం చేసే డాక్టరుకైనా పశువైద్యం చేసే అధికారం లేదు. 2018లో వచ్చిన పెంపుడు జంతువుల దుకాణాల నియమాలు కుందేళ్ళకు కూడ వర్తిస్తవి; ఆ నియమాల ప్రకారం దుకాణం నమోదు కావలసి ఉన్నది. కుందేలును కొనేవారు టీకా చీటీ అడగడంకంటె, దుకాణపు నమోదు పత్రం అడిగి, కుందేలు ముక్కును, చెవులను, మలద్వారాన్ని పరీక్షించి కొనడం మేలు.

ఈ విషయంలో తిరుపతి, చిత్తూరు వాసులు అదృష్టవంతులనే చెప్పాలి. 1955లో ఆంధ్రరాష్ట్రానికి ఏర్పడిన పశువైద్య కళాశాల తిరుపతిలోనే స్థిరపడినది. 1964లో వ్యవసాయ విశ్వవిద్యాలయంలో చేరిన ఆ కళాశాల, 2005లో తిరుపతి కేంద్రంగా వెలసిన శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయంలో భాగమైనది. పలమనేరులోని పశు పరిశోధనా కేంద్రం పొట్టి పుంగనూరు ఆవుల సంతతిని కాపాడుతున్నది. పశువైద్యుని సలహాకోసం ఇక్కడివారు కూనూరుదాక రైలెక్కవలసిన పని లేదు.

ఉపాధ్యాయులు ఈ పాఠాన్ని తరగతిలో చెప్పేటప్పుడు ఒక చిన్న పని చేయించవచ్చును. విద్యార్థులు తమ ఊరి పశువుల ఆసుపత్రికి పోయి, అక్కడ ఏ పశువుకు ఏ టీకా, ఏ నెలలో వేస్తారో అడిగి పట్టిక వ్రాసికొనవలెను. గాలికుంటు, గొంతువాపు, జబ్బవాపు, గొర్రెలకు పారుడు రోగం, చిటుక రోగం, కోళ్ళకు కొక్కెర తెగులు ఆ పట్టికలో కనబడతవి. కుందేలు పేరు కనబడదు. ముసర పేరు కూడ కనబడదు. మొదటిదానికి కారణం ఇక్కడ ఆ రోగం లేకపోవడం. రెండవదానికి కారణం ఆ రోగం ప్రపంచంలోనే లేకుండపోవడం. పట్టికలో ఉన్న పేర్లతోపాటు లేని పేర్లకు కూడ కారణం చెప్పగలిగిన విద్యార్థికి టీకా అంటే ఏమిటో అర్థమైనట్లే.